కెలాయిడ్ ఇంజెక్షన్: గట్టి మచ్చలో స్టెరాయిడ్ మందు సమంగా పరుచుకునేలా చూసుకోవడం ఎలా

గాయం మానాక దాని హద్దు దాటి పెరిగే గట్టి మచ్చ అయిన కెలాయిడ్‌లోకి మొదటిసారి సూది దించిన ప్రతి యువ వైద్యుడికీ ఒక అనుభవం ఎదురవుతుంది. సూది లోపలికి వెళ్ళింది, సిరంజిలో మందు ఉంది, బొటనవేలు ప్లంజర్ మీద బలంగానే ఉంది, కాని మందు చుక్క కూడా కదలదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే మూడింటిలో ఏదో ఒకటి జరుగుతుంది. మందు సూది పక్కనుంచి బయటికి చిమ్ముతుంది. లేదా సూది సిరంజి నుంచి ఊడి వస్తుంది. లేదా అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న ప్లంజర్ ఒక్కసారిగా జారి, మందంతా సులువుగా లోపలికి దిగిపోతుంది. మూడోది జరిగినప్పుడు చాలామంది హమ్మయ్య అనుకుంటారు. నిజానికి మూడింటిలోనూ ఎక్కువ హాని చేసేది అదే, ఎందుకంటే అంత సులువుగా వెళ్ళిన మందు మచ్చలోకి వెళ్ళలేదు. మచ్చను దాటి దాని కింది కొవ్వులోకి వెళ్ళింది.

ఈ ఇంజెక్షన్ గురించి నేర్చుకోవలసినదంతా ఆ ఒక్క క్షణంలోనే ఉందని నా అభిప్రాయం. మందు మనం పంపిన చోటికి వెళ్ళదు, తనకు అడ్డు తక్కువగా ఉన్న చోటికి వెళుతుంది. గట్టి మచ్చలో అన్నిటికంటే అడ్డు ఎక్కువగా ఉండేది, మందు అన్నిటికంటే ఎక్కువగా అవసరమైన భాగంలోనే. కాబట్టి సూదిని ఎన్నుకోవడం నుంచి బొటనవేలి ఒత్తిడి వరకు ప్రతి అడుగూ ఆ వైరుధ్యాన్ని దాటడానికే ఉద్దేశించినదని గుర్తుపెట్టుకుంటే, మిగిలిన వివరాలు వాటంతటవే అర్థమవుతాయి. ఈ వ్యాసం ఆ ఇంజెక్షన్లు ఇవ్వడం నేర్చుకుంటున్న వైద్యుల కోసం రాసినది. చికిత్స చేయించుకుంటున్నవారు కూడా తమ మచ్చలో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి చదవవచ్చు, కాని శిక్షణ లేకుండా ఎవరూ స్వయంగా ప్రయత్నించవలసిన పని ఇది కాదు.

మచ్చ లోపల ఏముంటుంది

మామూలు చర్మంలో దానికి బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు సన్నగా, వదులుగా అల్లుకుని ఉంటాయి. వాటి మధ్య నీరు, జెల్లీవంటి పదార్థం, రక్తనాళాలు, లింఫ్ నాళాలు ఉంటాయి. అందులోకి మందు ఎక్కిస్తే చిన్న బుడిపెలా ఉబ్బి, కాసేపటికి చుట్టూ సర్దుకుంటుంది. కెలాయిడ్‌లో ఆ అల్లిక మారిపోతుంది. పోగులు లావెక్కి, ఒకదానికొకటి బిగుసుకుని, ఒక క్రమం లేకుండా అటూ ఇటూ పరుచుకుని ఉంటాయి. వాటి మధ్య ద్రవం కదలడానికి మిగిలే సందు చాలా తక్కువ.

గాయం హద్దు దాటని ఉబ్బెత్తు మచ్చ సంగతి కొంచెం వేరు. అందులో కొల్లాజెన్ కట్టలు ఎక్కువగా చర్మపు ఉపరితలానికి సమాంతరంగా నడుస్తాయి. పోగుల వెంట పోవడం ద్రవానికి సులువు, పోగులకు అడ్డంగా పోవడం కష్టం. అందువల్ల ఈ రకం మచ్చలో మందు పక్కలకు పాకుతుంది గాని, పైకీ కిందికీ అంతగా పోదు. గాయం హద్దు దాటి మామూలు చర్మంలోకి పెరిగిన కెలాయిడ్‌లో అయితే ఏ దిక్కున దారి దొరుకుతుందో ముందుగా చెప్పలేము. ఒక చోట మందు సాఫీగా పోతుంది, అర సెంటీమీటరు పక్కన గోడకు గుచ్చినట్టు ఉంటుంది.

ఒకే కెలాయిడ్‌లో కూడా అంచు, నడుమ ఒక తీరుగా ఉండవు. ఎర్రగా, దురదగా ఉండి ముందుకు పాకుతున్న అంచులో కణాలూ రక్తనాళాలూ ఎక్కువ. పాతబడిన నడిమి భాగం సాధారణంగా పాలిపోయి, గట్టిపడి, కణాలు తక్కువగా ఉంటుంది. మచ్చను పెంచే పని అంచులో జరుగుతోంది కనుక అంచును వదిలి నడుమ మాత్రమే మందు వేయడం పొరపాటు. నడుమ ఉబ్బు ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి కొత్తవారి చేయి అటే పోతుంది.

మందు చేసే పని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1960ల నుంచి ఈ చికిత్సకు ఎక్కువగా వాడుతున్నది ట్రయామ్సినలోన్ అసిటోనైడ్. అది కొల్లాజెన్‌ను తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు వృద్ధి చెందడాన్ని తగ్గిస్తుంది, కొత్త కొల్లాజెన్ తయారీని తగ్గిస్తుంది, వాపును అణచివేస్తుంది, కొల్లాజెన్‌ను విడగొట్టే ఎంజైములకు అడ్డుపడే పదార్థాలను తగ్గిస్తుంది. ఇవన్నీ మందు చేరిన కణం దగ్గర జరిగే పనులు. పక్క కణానికి మందు చేరకపోతే అది తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఒక మచ్చలో కొంత భాగం చదునై, మరికొంత కొండలా నిలబడిపోవడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి.

రెండు దశల ప్రయాణం

మచ్చలో మందు పరుచుకోవడం అనే మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది, ప్లంజర్ నొక్కుతున్న కొద్ది క్షణాల్లో ఒత్తిడి వల్ల ద్రవం ముందుకు జరగడం. ఇసుక పొరల గుండా నీరు పోయే తీరును లెక్కగట్టి ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించిన సూత్రమే ఇక్కడా పని చేస్తుంది: ఒత్తిడి పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, మాధ్యమం బిగువైతే తగ్గుతుంది. రెండవది, సూది తీసేసిన తరువాత రోజులు, వారాల పాటు మందు అణువులు నెమ్మదిగా చుట్టూ విస్తరించడం. దీన్ని వ్యాపనం అంటారు. వ్యాపనంలో దూరం రెండింతలైతే పట్టే కాలం నాలుగింతలవుతుంది. కనుక సూది మందును దించిన చోటికి ఒక మిల్లీమీటరు దూరంలో ఉన్న కణానికి అందినంత తేలిగ్గా, ఐదు మిల్లీమీటర్ల అవతల ఉన్న కణానికి అందదు. ఆ కణానికి పట్టే కాలం ఇరవై ఐదు రెట్లు, ఈలోగా రక్తనాళాలు మందును కొంచెం కొంచెంగా తీసుకుపోతూనే ఉంటాయి.

దీనికి తోడు ఈ మందు నీటిలో దాదాపు కరగదు. వయల్‌లో, అంటే మందు సీసాలో కనిపించే పాలవంటి ద్రవం ద్రావణం కాదు, సన్నని స్ఫటికాలు నీటిలో తేలుతున్న సస్పెన్షన్. ఆ స్ఫటికాలు మచ్చలో నిలిచి, కొద్దికొద్దిగా కరుగుతూ వారాల తరబడి మందును విడుదల చేస్తాయి. చికిత్సకు బలం అదే, చిక్కు కూడా అదే. బిగువైన కొల్లాజెన్ అల్లిక జల్లెడలా ప్రవర్తిస్తుంది. నీరు, నొప్పి తగ్గడానికి అందులో కలిపిన మత్తుమందు సందుల గుండా ముందుకు పోతే, స్ఫటికాలు సూది చేసిన దారి వెంటా, ఒత్తిడికి విడిన చీలికల వెంటా ఆగిపోతాయి.

కాబట్టి ఇంజెక్షన్ సమయంలో మచ్చ మీద తెల్లబడిన ప్రాంతమంతా మందు చేరిన ప్రాంతమని అనుకోకూడదు. ఆ తెలుపు చాలామటుకు ద్రవపు ఒత్తిడికి సన్నని రక్తనాళాలు నలిగి, రక్తం పక్కకు తప్పుకోవడం వల్ల వచ్చేది. మందు అసలు నిల్వ అంతకంటే చిన్న ప్రాంతంలో, సూది దారికి దగ్గరలోనే ఉంటుంది. నా దృష్టిలో ఈ ఒక్క విషయం తెలిసిన వైద్యుడు ఒకే చోట ఎక్కువ మందు గుమ్మరించడు. తక్కువ మందును ఎక్కువ చోట్ల దించుతాడు.

వయల్ దగ్గర తీసుకోవలసిన జాగ్రత్త

వయల్‌ను వాడే ముందు బాగా కదిపి, అడుగున పేరుకున్న తెల్లని పొడి పూర్తిగా కలిసిందో లేదో వెలుతురులో చూడాలి. ఎంత కదిపినా గడ్డలు, రేణువులు విడిపోకుండా కనిపిస్తే ఆ వయల్‌ను పక్కన పెట్టేయాలి. మందు చలికి గడ్డకట్టేలా నిల్వ చేయకూడదు. సిరంజిలోకి తీసిన తరువాత ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే సిరంజిని బల్ల మీద పెట్టి రోగితో మాట్లాడుతున్న కాసేపట్లోనే స్ఫటికాలు ఒక పక్కకు పేరుకోవడం మొదలవుతుంది. అలా పేరుకున్న సిరంజితో ఇస్తే కొన్ని చోట్ల దాదాపు నీరు, కొన్ని చోట్ల చిక్కని మందు పడతాయి. మధ్యలో ఆగవలసి వస్తే సిరంజిని వేళ్ళ మధ్య దొర్లించి, తలకిందులు చేసి, మళ్ళీ మొదలుపెట్టాలి.

మందు సాధారణంగా మి.లీ.కు 10 మి.గ్రా., మి.లీ.కు 40 మి.గ్రా. బలాల్లో దొరుకుతుంది. 40 బలం ఉన్న మందు 1 మి.లీ. తీసుకుని 2 శాతం లిగ్నోకైన్ అనే మత్తుమందు 1 మి.లీ. కలిపితే మందు బలం 20కి, లిగ్నోకైన్ 1 శాతానికి దిగుతాయి, 3 మి.లీ. కలిపితే మందు 10కి దిగుతుంది. కలిపే ద్రవంలో పారాబెన్, ఫినాల్ వంటి నిల్వ పదార్థాలు ఉండకూడదు, అవి స్టెరాయిడ్ సస్పెన్షన్‌లోని స్ఫటికాలను ముద్దకట్టించవచ్చు. లిగ్నోకైన్‌తో పూర్వం అలర్జీ వచ్చిందా అని అడగడం మరువకూడదు.

ఎంత బలం వాడాలన్నది మచ్చ మందాన్నీ, చోటునూ, రోగి వయసునూ బట్టి నిర్ణయించుకోవలసిన విషయం. పల్చని మచ్చకూ, ముఖం మీది మచ్చకూ తక్కువ బలంతో మొదలుపెట్టి, మందమైన గట్టి కెలాయిడ్‌కు 40 వరకు వెళ్ళడం వాడుక. బలం ఎక్కువైతే తక్కువ పరిమాణంలో ఎక్కువ మందు దించవచ్చు, ఇది బిగువైన మచ్చలో ఉపయోగమే. కాని అదే మందు పొరపాటున మచ్చ దాటితే నష్టం కూడా అంత ఎక్కువ.

సూది, సిరంజి

చిన్న సిరంజి ఎందుకు వాడాలో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 1 మి.లీ. సిరంజి లోపలి వ్యాసం సుమారు 4.7 మి.మీ., 5 మి.లీ. సిరంజిది సుమారు 12 మి.మీ. బొటనవేలు అదే బలంతో నొక్కినా, చిన్న సిరంజిలో పుట్టే ఒత్తిడి పెద్దదానిలో కంటే ఆరు రెట్లు దాటుతుంది. గట్టి మచ్చలోకి పెద్ద సిరంజితో మందు ఎక్కించబోవడం చేతికి అలసట తప్ప ఫలితం ఇవ్వదు. 1 మి.లీ. సిరంజిలో కూడా సూది మర వేసినట్టు బిగుసుకునే రకం, అంటే లూయర్ లాక్ రకం ఎన్నుకోవాలి. కేవలం తొడిగే రకమైతే ఆ ఒత్తిడికి సూది ఊడి, మందు వైద్యుడి కళ్ళలోకి చిమ్ముతుంది. కళ్ళద్దాలు లేకుండా ఈ పని చేయవద్దని నేర్చుకునేవారికి గట్టిగా చెబుతాను. రోగి కళ్ళను కూడా కప్పాలి.

సూది 27 నుంచి 30 గేజ్ మధ్య ఉంటే చాలు (గేజ్ అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది). 27 గేజ్ సూది లోపలి రంధ్రం సుమారు 0.21 మి.మీ., 30 గేజ్‌ది సుమారు 0.16 మి.మీ. తేడా చిన్నదిగా కనిపించినా, సన్నని గొట్టంలో ద్రవానికి ఎదురయ్యే అడ్డు వ్యాసార్థపు నాలుగో ఘాతం మీద ఆధారపడి ఉంటుంది కనుక, అంతే పొడవున్న 30 గేజ్ సూదిలో అడ్డు సుమారు మూడు రెట్లు. పైగా స్ఫటికాలు సన్న రంధ్రంలో చిక్కుకుని సూది మూసుకుపోవచ్చు. అందుకే మందు కదలనప్పుడు ముందుగా సూదిని బయటికి తీసి, గాజుగుడ్డ మీద ఒక చుక్క వదిలి చూడాలి. చుక్క రాకపోతే తప్పు సూదిది. వస్తే అడ్డు మచ్చది.

గుచ్చడం, నెట్టడం

ముందుగా మచ్చను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ఎత్తి, ఎక్కడ ఎంత మందంగా ఉందో చేత్తో తెలుసుకోవాలి. ఛాతీ మీది వెడల్పైన కెలాయిడ్ అంచుల దగ్గర కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉండవచ్చు. చెవి తమ్మె మీది గుండ్రని కెలాయిడ్ అంతా గడ్డే. మొదటిదానిలో సూది మచ్చను దాటిపోయే ప్రమాదం ఎక్కువ, రెండవదానిలో చెవి కుట్టిన పాత రంధ్రం గుండా మందు అవతలి వైపుకు కారిపోయే ప్రమాదం ఎక్కువ. గుచ్చే చోట్లను పెన్నుతో గుర్తుపెట్టుకుంటే, మధ్యలో రోగి కదిలినా ఎక్కడ వేశామో తెలియకపోవడం ఉండదు.

సూదిని నిలువుగా దించకుండా, చర్మానికి దాదాపు సమాంతరంగా, సూది కొన ఏటవాలుగా కోసిన ముఖం పైకి ఉండేలా పట్టుకుని మచ్చ గట్టి భాగంలోకి పోనివ్వాలి. లక్ష్యం మచ్చ మందంలో నడిమి భాగం. సూది ముక్కు పై పొరకు మరీ దగ్గరగా ఉంటే చర్మం పలచబడి రంగు పోతుంది, మరీ లోతుగా ఉంటే కొవ్వు కరిగి గుంట పడుతుంది. సూది కొన మచ్చలో ఉందో లేదో చేతికే తెలుస్తుంది: గట్టి తోలులో గుచ్చినట్టు, సూదిని పక్కకు కదిపితే మచ్చ మొత్తం దానితో కదిలినట్టు ఉంటుంది. ఆ పట్టు లేకుండా సూది వదులుగా ఆడుతుంటే అది మచ్చలో లేదు.

ఇప్పుడు మందు ఎలా నెట్టాలన్నది. అనుభవం లేనివారు సూది ఆపిన చోటే ఆపి, ప్లంజర్‌ను శక్తి కొద్దీ నొక్కుతారు. అలా చేస్తే ద్రవం ఒకే చోట ఒత్తిడి పెంచుకుని, బలహీనంగా ఉన్న దిక్కుకు చీలిక చేసుకుని పోతుంది. దానికి బదులు సూదిని ముందు మచ్చ అవతలి అంచు దాకా పోనిచ్చి, వెనక్కి లాగుతూ ఆ దారి పొడుగునా కొద్దికొద్దిగా మందు వదలాలి. సూది నడిచిన దారే మందుకు మొదటి కాలువ. తరువాత సూదిని పూర్తిగా బయటికి తీయకుండా, చర్మం దగ్గరి దాకా తెచ్చి, కోణం మార్చి మళ్ళీ లోపలికి పంపాలి. ఒకే రంధ్రం నుంచి విసనకర్ర పుల్లల్లా మూడు, నాలుగు దారులు చేయవచ్చు. పైన రంధ్రాలు ఎన్ని తక్కువైతే మందు కారిపోయే దారులు అంత తక్కువ.

ప్లంజర్ మీద ఒత్తిడి నిదానంగా, ఎడతెగకుండా ఉండాలి. కుదుపులుగా నొక్కకూడదు. ఒత్తిడిని కొన్ని సెకన్లు అలాగే నిలిపితే బిగువైన కణజాలం కొంచెం సడలుతుంది. మొదట కదలని ప్లంజర్ తరువాత సన్నగా కదలడం మొదలవుతుంది. ఆ సన్నని, కష్టమైన కదలికే సరైన గుర్తు. అప్పుడు మచ్చ మీద సూది కొన చుట్టూ లేత తెలుపు కనిపిస్తుంది, దాని అంచు గుండ్రంగా ఉండదు, వేళ్ళు చాచినట్టు వంకరటింకరగా ఉంటుంది. ఏ వేలు ఎటు పోతోందో చూస్తే మచ్చలో ఎక్కడ వదులుందో అర్థమవుతుంది. తెలుపు రాని మూలే బిగువైన మూల, సూది తరువాతి దారి అటు వేయాలి.

ఆపవలసిన గుర్తులు కూడా కళ్ళ ముందే ఉంటాయి. లేత తెలుపు కనిపించగానే ఆ దారిలో ఆపాలి. చర్మం పాలిపోయి, నారింజ తొక్క మీది గుంటల్లా చిన్న గుంటలు తేలితే సూది మరీ పైన ఉందని అర్థం. పక్క రంధ్రం నుంచి పాలవంటి చుక్క బయటికి వస్తే దాన్ని గాజుగుడ్డతో అదిమి పట్టి, వేరే చోటికి మారాలి. ప్లంజర్ ఒక్కసారిగా తేలికైతే వెంటనే చేయి ఆపాలి, ఇంకొక చుక్క కూడా పోనివ్వకూడదు. సూది కొనను కొంచెం వెనక్కి, పైకి తెచ్చి, మళ్ళీ ఆ పట్టు తెలిసిన తరువాతే కొనసాగించాలి.

పరిమాణం లెక్క

ఒక్కో చోట 0.05 నుంచి 0.1 మి.లీ., చోటుకూ చోటుకూ మధ్య అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దూరం అన్నది ఆచరణలో పనికివచ్చే కొలత. దీని వెనక సాదా లెక్క ఉంది. 0.1 మి.లీ. ద్రవం ఒక గోళంగా నిలిస్తే దాని వ్యాసం 6 మి.మీ. కంటే కొద్దిగా తక్కువ. అదే ద్రవం కణజాలపు సందుల్లోకి ఇంకి, ఆ కణజాలంలో ద్రవానికి దొరికే చోటు ఐదో వంతు అనుకుంటే, వ్యాసం సుమారు 10 మి.మీ. దాకా పోతుంది. రెండూ ఆదర్శ లెక్కలే. నిజమైన మచ్చలో గోళం ఏర్పడదు. అయినా ఒక చోట నుంచి మందు ఒక సెంటీమీటరుకు మించిన ప్రాంతానికి అందుతుందని ఆశపెట్టుకోకూడదని ఆ లెక్క చెబుతుంది.

మి.లీ.కు 40 బలంలో 0.1 మి.లీ. అంటే 4 మి.గ్రా. పెద్దవారిలో ఒక విడతకు మొత్తం 40 మి.గ్రా. అని హద్దు పెట్టుకుంటే పది చోట్లతో ఆ హద్దు నిండిపోతుంది. మచ్చ పెద్దదైతే మొత్తాన్నీ ఒకే రోజు తడపాలని చూడకుండా, ఈ విడతకు ఎర్రగా పెరుగుతున్న అంచునూ, తరువాతి విడతకు మిగిలిన భాగాన్నీ ఎంచుకోవడం మంచిది. పిల్లల్లో మొత్తం మోతాదు ఇంకా తక్కువగా ఉండాలి, ఎందుకంటే మచ్చలో నిలిచిన మందు చివరికి రక్తంలోకే చేరుతుంది. మోతాదు మితిమీరితే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి పని మందగించడం, ముఖం ఉబ్బడం వంటివి కలుగుతాయి. మధుమేహం ఉన్నవారిలో కొన్ని రోజులు చక్కెర పెరగవచ్చు, స్త్రీలలో నెలసరి తప్పవచ్చు. ఇవి రోగికి ముందుగా చెప్పవలసిన మాటలు. గర్భిణులలో ఈ చికిత్స సాధారణంగా వాయిదా వేస్తారు. మచ్చ మీద చీము, పుండు ఉంటే అది మానేదాకా ఆగాలి.

మచ్చను ముందుగా మెత్తబరచడం

రాయిలాంటి మచ్చతో పోరాడడం కంటే దాన్ని ముందు మెత్తబరచడం తెలివైన పని. ద్రవ నైట్రోజన్‌తో మచ్చను కొద్ది సెకన్లు గడ్డకట్టించి, అది కరిగి నీరుపట్టి ఉబ్బడానికి పది, పదిహేను నిమిషాలు ఆగితే పోగుల మధ్య ఎడం ఏర్పడుతుంది. అప్పుడు అదే సూదితో, అదే బొటనవేలి బలంతో మందు చాలా సులువుగా, మరింత సమంగా పోతుంది. ఆ ఆగే సమయాన్ని తగ్గించకూడదు. గడ్డకట్టి ఉన్న మచ్చలోకి గుచ్చడం వల్ల ప్రయోజనం ఉండదు. ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 196 డిగ్రీల సెల్సియస్. చర్మానికి రంగునిచ్చే కణాలు చలికి తొందరగా దెబ్బతింటాయి కనుక, ముదురు రంగు చర్మంలో తెల్లమచ్చ మిగిలే అవకాశాన్ని రోగితో మాట్లాడి ఒప్పుకున్నాకే చేయాలి.

లేజర్‌తో సన్నని రంధ్రాలు చేసి వాటి గుండా మందు పంపే పద్ధతి, సూది లేకుండా ఒత్తిడితో చిమ్మే పరికరాలు కూడా వాడుకలో ఉన్నాయి. పల్చని, విశాలమైన మచ్చకు అవి అనుకూలం. మందమైన గడ్డలో లోతుకు మందు చేర్చడానికి సూదికి సాటి రావని నా అనుభవం.

నొప్పి గురించి తేలిగ్గా మాట్లాడకూడదు. బిగువైన కణజాలం సాగదీయబడటమే ఆ నొప్పికి ముఖ్య కారణం, అందువల్ల చర్మం మీద పూసే మత్తు క్రీము గుచ్చిన బాధను తగ్గిస్తుంది గాని లోపలి ఒత్తిడి బాధను అంతగా తగ్గించదు. మచ్చ చుట్టూ ఉన్న మెత్తని చర్మంలో లిగ్నోకైన్‌ను వలయంలా వేసి కొద్ది నిమిషాలు ఆగితే రోగి నిశ్చలంగా ఉండగలుగుతాడు, వైద్యుడి చేయి కూడా తొందరపడదు. తొందరపడిన చేయి ఒత్తిడి పెంచుతుంది, పెరిగిన ఒత్తిడి మందును దారి తప్పిస్తుంది.

దారి తప్పిన మందు

మందు మచ్చ దాటితే ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి. కొవ్వులోకి వెళ్ళిన మందు కొన్ని వారాలకు గుంటగా బయటపడుతుంది. పై పొరకు దగ్గరగా నిలిచిన స్ఫటికాలు చర్మం కింద తెల్లని, పసుపుపచ్చని చుక్కల్లా కనిపిస్తాయి. వాటి మీది చర్మం పలచబడి, ఎర్రని సన్నని రక్తనాళాలు తేలతాయి. మూడో దారి లింఫ్ నాళాలు. మందు వాటిలోకి చేరితే ఇంజెక్షన్ చేసిన చోటి నుంచి చేయి పైకి, కాలి పైకి గీత గీసినట్టు చర్మం తెల్లబడుతుంది. ఆ గీతను చూసి రోగి బెంబేలెత్తిపోతాడు. చాలామందిలో రంగు నెలల తరబడి కాలంలో తిరిగి వస్తుంది, అయినా ముందే చెప్పి ఉంటే ఆ భయం ఉండదు.

ముఖం మీద, ముఖ్యంగా కనుబొమల మధ్య, ముక్కు చుట్టూ ఉన్న మచ్చల దగ్గర మరింత జాగ్రత్త వహించాలి. అక్కడి ధమనులకు కంటి ధమనులతో సంబంధం ఉంది. ఒత్తిడితో స్ఫటికాలు ధమనిలోకి పోయి వెనక్కి ప్రవహిస్తే చూపు పోయే ప్రమాదం ఉంది, అటువంటి ఘటనలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. అక్కడ ప్లంజర్‌ను వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకోవాలి, అతి తక్కువ పరిమాణం, అతి తక్కువ ఒత్తిడి వాడాలి. మందు పోకపోతే బలవంతం చేయకుండా మానుకోవాలి.

తరువాతి విడతకు

నాలుగు నుంచి ఆరు వారాలకు రోగి మళ్ళీ వచ్చినప్పుడు సిరంజి పట్టుకోకముందే మచ్చను వేళ్ళతో తడిమి చూడాలి. మెత్తబడిన చోటు, గట్టిగా మిగిలిన చోటు, ఇంకా ఎర్రగా ఉన్న చోటు, పలచబడటం మొదలైన చోటు వేర్వేరుగా తెలుస్తాయి. మొదటి రోజే మచ్చ బొమ్మ కాగితం మీద గీసి, ఎక్కడ ఎన్ని చోట్ల ఎంత మందు దిగిందో, ఎక్కడ దిగలేదో రాసి ఉంచితే ఈ రోజు దాన్ని పక్కన పెట్టుకుని చూడవచ్చు. ఎక్కువసార్లు మిగిలిన గడ్డలు ఆ బొమ్మలో మందు దిగని మూలల దగ్గరే కనిపిస్తాయి. మందు దిగిందని రాసిన చోట కూడా రెండు, మూడు విడతల తరువాత మార్పు లేకపోతే చేసే తీరును కాక చికిత్సనే మార్చడం గురించి ఆలోచించాలి. ఆ దశలో కణాల వృద్ధిని ఆపే ఫైవ్ ఫ్లోరోయురాసిల్ అనే మందును కొద్ది ట్రయామ్సినలోన్‌తో కలిపి ఇవ్వడం చాలామంది ఎంచుకునే మార్గం.

ఈ విడతలో మెత్తబడిన భాగంలోకి సూది హాయిగా దిగుతుంది, మందు సులువుగా పోతుంది, చేయి అక్కడే ఇంకొంచెం వేయమంటుంది. వేయకూడదు. చర్మంతో సమానమైన భాగానికి ఇక మందు అవసరం లేదు, అక్కడ వేసిన ప్రతి చుక్కా గుంటకే దారితీస్తుంది. ఆ రోజు మోతాదంతా ఇంకా గట్టిగా ఉన్న భాగానికే దక్కాలి.